తొలి విజయం తరువాత: ఘంటసాల జీవితం

కళాజీవితంలో తొలి విజయం దుర్లభం. దానికి సాటిరాగల రెండవ విజయం మరింత దుర్లభం. మొదటి కృతికి పూనుకొనే నాటికి కళాకారుని లోకం ఎరుగదు. అతని నుండి ఏమీ ఆశించదు. అతడు తనకోసమూ, తన విద్యకోసమూ పని చేసుకొంటాడు. రెండవ కృతి నాటికి పరిస్థితి తారుమారవుతుంది. లోకమంతా వాకిట నిలిచి ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటిదానివలె ఉంటే పాతదే మళ్ళీ ఇచ్చాడంటుంది; వేరుగా ఉంటే మునుపటి సొగసు లేదంటుంది. ఈ రెండు నిందల నడుమ ఇరుకుదారిని దాటగలిగినవారు కొద్దిమంది. పాఠశాలలో మొదటిసారి బహుమతి పొందిన బాలుడు రెండవ ఏట వేదిక ఎక్కేటప్పుడు పడే తడబాటుకు మూలం కూడ ఇదే.

పాశ్చాత్య సంగీత చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన నిదర్శనాలు రెండున్నవి. ఇటలీ దేశీయుడైన మస్కాన్యీ 1890లో, తన ఇరువది ఆరవ ఏట, కవల్లేరియా రుస్టికానా అనే సంగీత నాటకం రచించి రోము నగరంలో ప్రదర్శింపజేశాడు. ఆ ఒక్క ప్రదర్శనతో అతని కీర్తి ఐరోపా అంతటా వ్యాపించింది. ఆ తరువాత అతడు అర్ధశతాబ్దికి పైగా జీవించి, ఎన్నో నాటకాలు కూర్చాడు. కాని ఏ ఒక్కటీ మొదటిదాని సరసన నిలువలేదు. అదే దేశంలో పుట్టిన వెర్డీ 1842లో నబుక్కోతో పేరు తెచ్చుకొని, ఏభై ఏళ్ళ తరువాత, 1893లో, ఎనభయ్యవ పడికి చేరువలో, ఫాల్‌స్టాఫ్ అనే హాస్య నాటకంతో రసజ్ఞులను మళ్ళీ ఆశ్చర్యపరిచాడు. ఇరువురూ ప్రతిభావంతులే. ఒకరికి సాధ్యం కానిది మరొకరికి ఎందుకు సాధ్యమైంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మనం ఇటలీ దాకా పోనక్కరలేదు. మన తెలుగునాటనే, మన తల్లిదండ్రుల తరం చెవులార విన్న ఒక గాయకుని జీవితం ఈ ప్రశ్నకు చక్కని వ్యాఖ్యానంగా నిలిచి ఉన్నది. ఆయన ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడకు సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య మృదంగం వాయించేవారు; భజన గోష్ఠులలో పాల్గొనేవారు. కుమారుని భుజంపై కూర్చుండబెట్టుకొని ఊరూరా భజనలకు తీసుకొనిపోయేవారు. బాలుడు ఆ పాటలకు పరవశించి చిందులు వేసేవాడు. ఈ విధంగా ఆయనకు సంగీతం పుస్తకం ద్వారా కాక, జనసమూహం మధ్య, తాళం చప్పుడులో, భక్తిభావంతో పరిచయమైంది. తరువాతి జీవితంలో ఆయన ఎంత శాస్త్రం నేర్చినా ఈ మొదటి పరిచయం మాత్రం చెరగలేదు.

ఆయనకు పదకొండేళ్ళ వయస్సులో తండ్రి మరణించాడు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆ తండ్రి తుది కోరిక. కుటుంబ భారాన్ని మేనమామ వహించాడు. ఆ రోజులలోనే పొరుగూరి సభలో విద్వాంసులకు ఎదురుగా పాడబోయి బాలుడు నవ్వులపాలయ్యాడని ఆయన జీవితచరిత్రలలో చెప్పుకొంటారు. అప్పటినుండి పట్టుదల హెచ్చింది. సంగీతం నేర్చుకోవాలనే ఆశతో విద్వాంసుల ఇళ్ళలో చేరి చాకిరీ చేశాడు, బట్టలుతికాడు, వంట చేశాడు. చాకిరీ మిగిలినదే కాని విద్య రాలేదు. చివరకు చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరుకొన్నాడు.

విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల ఆనాడు ఆంధ్రదేశంలో సంగీత విద్యార్థులకు పుణ్యక్షేత్రం. అక్కడ ఆయనకు లభించిన గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగారుగా ప్రసిద్ధులైన ఈయన శిష్యుని చేరదీసి, ఉచితంగా విద్య చెప్పారు. భోజనానికి మధూకరమే గతి. జోలె భుజాన వేసుకొని ఇంటింటికీ వెళ్ళి, పెట్టిన అన్నం తెచ్చుకొని రెండు పూటలు గడుపుకొనే జీవితం. సీతారామశాస్త్రిగారు సంగీతంలో సాహిత్యానికి సమాన గౌరవం ఇచ్చిన విద్వాంసులు. పాట వింటున్నవానికి మాట తెలియాలి, మాట వెనుక భావం హృదయానికి తాకాలి అన్నది ఆయన మార్గం. ఘంటసాల కంఠంలో ప్రతి అక్షరమూ స్పష్టంగా పలకడానికి ఈ శిక్షణయే మూలం.

విద్య ముగించుకొని స్వగ్రామం చేరిన ఘంటసాల 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఆయనను ఉంచినది బళ్ళారిలోని అలీపురం జైలులో. కృష్ణాతీరం నుండి వచ్చిన ఆ యువకుడు రాయలసీమ ఎండలను ఆ విధంగా, రాజకీయ ఖైదీగా, చవిచూశాడు. విడుదలైన తరువాత 1944లో సావిత్రిగారిని వివాహమాడారు. ఆ ప్రాంతానికి వచ్చిన సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులు ఆయన పాట విని మద్రాసు రమ్మని ఆహ్వానించారు.

మద్రాసులో అదృష్టం వాకిట నిలిచి స్వాగతం పలుకలేదు. కొన్నాళ్ళు బృందగానంలో పదిమందితోపాటు గొంతు కలిపారు. ఆకాశవాణిలో లలితగీతాలు పాడారు. గ్రామఫోను కంపెనీకి పాటలిచ్చారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడే అవకాశం లభించింది. 1948లో 'బాలరాజు'కు గాలి పెంచల నరసింహారావుతో కలిసి సంగీతం సమకూర్చారు. 1949లో 'కీలుగుర్రం', 'మనదేశం', 1950లో 'లక్ష్మమ్మ', 'షావుకారు' వచ్చాయి. వీటితో ఆయన సమర్థుడైన సంగీత దర్శకుడన్న పేరు స్థిరపడింది. కాని సమర్థుడన్న పేరు వేరు, యావదాంధ్రమూ ఒక్కసారిగా తలయెత్తి చూడడం వేరు. అది 1951లో జరిగింది.

ఆ సంవత్సరం మార్చి నెలలో విజయా సంస్థవారి 'పాతాళభైరవి' విడుదలైంది. దర్శకుడు కె. వి. రెడ్డి మా అనంతపురం సీమవాడు, తాడిపత్రిలో జన్మించాడు. పాటలు రచించినవాడు పింగళి నాగేంద్రరావు. సంగీతం ఘంటసాల. అప్పటికి ఆయన వయస్సు ఇరువది ఎనిమిది. తోటరాముని కథ ఎంత ప్రజారంజకమైనదో పాటలు అంత ప్రజారంజకాలైనవి. నాయకుని పాటలు తానే పాడారు. నాయిక పాటలు పి. లీల పాడింది. ఆ పాటలలో కర్ణాటక సంగీత సంస్కారం ఉన్నది, హిందుస్థానీ ఛాయలున్నవి, పల్లెపాట చనువూ ఉన్నది. విన్నవారికి మాత్రం ఈ మూడూ వేరువేరుగా కనబడవు. ఆ చిత్రం తెలుగులోనే కాక తమిళంలోనూ నిర్మింపబడింది. 1952లో మన దేశంలో మొట్టమొదట జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది.

ఇక్కడ విద్యార్థులకు ఒక విషయం చెప్పాలి. పది పన్నెండు పాటలను ఒకచోట చేర్చి ఆల్బమ్ అనే పేరుతో వెలువరించడం ఇటీవలివారికి సుపరిచితం. ఆనాడు తెలుగునాట ఉన్నది నిమిషానికి డెబ్బది ఎనిమిది చుట్లు తిరిగే లక్క పళ్ళెం. ఒక్కొక్క ప్రక్క మూడు మూడున్నర నిమిషాల పాట మాత్రమే పట్టేది. కనుక ఒక చిత్రంలోని పాటల సముదాయమే ఆ కాలానికి ఆల్బమ్. సంగీత దర్శకుని ప్రతిభను ప్రజలు చిత్రం పేరుతోనే కొలిచేవారు. ఆ కొలమానం ప్రకారం 1951వ సంవత్సరం ఇద్దరికి పట్టాభిషేకం చేసింది. మార్చిలో 'పాతాళభైరవి' ఘంటసాలకు, డిసెంబరులో 'మల్లీశ్వరి' సాలూరి రాజేశ్వరరావుకు. ఇరువురూ 1922లో జన్మించినవారే. ఇరువురి ముందూ అదే ప్రశ్న నిలిచింది. ఇక తరువాత ఏమి?

'పాతాళభైరవి' వంటి విజయం పొందినవానికి కలిగే మొదటి ప్రలోభం ఆ వరుసలనే కొంచెం మార్చి మళ్ళీ అమ్ముకోవడం. నిర్మాతలు కోరేది అదే. వినేవారు అడిగేదీ చాలవరకు అదే. ఘంటసాలకు వెంటనే వచ్చిన విజయా వారి చిత్రం 'పెళ్ళిచేసి చూడు', 1952. ఇది జానపద కథ కాదు. వరకట్న దురాచారాన్ని హాస్యంతో దులిపివేసిన సాంఘికం. దర్శకుడు ఎల్. వి. ప్రసాద్, పాటలు రచించినవాడు ఊటుకూరి సత్యనారాయణరావు. అంటే కథాజాతి మారింది, దర్శకుడు మారాడు, కవి మారాడు. రాజకుమారి ఉద్యానవనంలో పలికిన వరుసలు మధ్యతరగతి ఇంటి వసారాలో పలుకవు. ఇది గ్రహించి ఆయన పిల్లల ఆటపాటలకూ, ఇంటి పరాచికాలకూ, నాటకపు వేళాకోళాలకూ తగిన తేలిక వరుసలు కట్టారు. 'పాతాళభైరవి'ని వెదుక్కొంటూ వచ్చినవానికి అది అక్కడ దొరకలేదు. దానికి బదులు మరొకటి దొరికింది. చిత్రమూ జయించింది, పాటలూ జయించాయి. రెండవ విజయానికి మొదటి సూత్రం ఇక్కడ కనబడుతున్నది. కళాకారుడు తన గతాన్ని కాక, ఎదుట ఉన్న పనిని చూడాలి.

అయితే ఈ అవకాశం అందరికీ ఉండదు. ఆ కాలంలోనే సి. ఆర్. సుబ్బరామన్ అనే మహా సంగీతజ్ఞుడు 'దేవదాసు'కు వరుసలు కడుతూ, 1952లో, ముప్పది ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం చిత్రం విడుదలై, ఆ పాటలు అఖిలాంధ్రాన్ని కంటతడి పెట్టించినప్పుడు వినడానికి ఆయన లేడు. ఆ పాటలకు ప్రాణం పోసిన కంఠం ఘంటసాలది. తన సాటి సంగీత దర్శకుని వరుసను తన వరుసవలె భావించి, తన హృదయాన్ని దానికి అర్పించి పాడారు. తరువాతి విజయం సాధించగలనా అని తర్కించే అదృష్టమే కొందరికి లభించదన్న సంగతి ఘంటసాల ఎంతో సమీపం నుండి చూశారు.

ఇంతవరకు కథ సాఫీగా సాగింది. ఇక్కడనుండి దారి ఎగుడుదిగుడు. 1954లో విజయావారు 'చంద్రహారం' తీశారు. మళ్ళీ జానపదం, మళ్ళీ పింగళి, మళ్ళీ ఘంటసాల. బాహ్యంగా చూస్తే 'పాతాళభైరవి' పరికరాలన్నీ చాలవరకు ఉన్నవి. పాటలలో మాధుర్యానికి కొరతలేదు. కాని చిత్రం పరాజయం పొందింది. సినిమా సంగీతానికి ఇదొక శాపం. పాట చిత్రం భుజమెక్కి ఊరేగుతుంది. చిత్రం పడిపోతే పాట కూడ దానితోపాటే పడుతుంది. ఆనాడు ఆ పళ్ళేలు కొని విన్నవారు మెచ్చుకొన్నా, లోకం మాత్రం వాటిని 'పాతాళభైరవి' పక్కన పెట్టి చూడలేదు. పాట మంచిదైనంత మాత్రాన విజయం సిద్ధించదు.

ఆ రోజులలోనే ఘంటసాల స్వయంగా చిత్ర నిర్మాణానికి పూనుకొన్నారు. 1953లో 'పరోపకారం', 1956లో 'సొంతవూరు', 1960లో 'భక్త రఘునాథ్' ఆయన నిర్మించిన చిత్రాలు. వీటివలన ధననష్టమే మిగిలింది. పాటకు చేసే న్యాయం పద్దుపుస్తకానికి చేయడం ఆయన స్వభావంలో లేదు. 1955లో విజయావారి 'మిస్సమ్మ'కు సంగీతం కూర్చే భాగ్యం రాజేశ్వరరావుకు దక్కింది. అందులో నాయకునికి గొంతు ఇచ్చినవాడు ఏ. ఎం. రాజా. ఆ పాటలు దేశమంతా మార్మోగాయి. అంతకు నాలుగేళ్ళ క్రితం అదే సంస్థకు విజయపతాక తెచ్చిపెట్టిన ఘంటసాలకు ఆ చిత్రంలో స్థానం లేదు. విజయం శాశ్వత హక్కుపత్రం కాదని తెలుసుకోవడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ దశాబ్దంలో ఆయన చేసిన మరొక పనిని గురించి సినిమా చరిత్రకారులు కొంచెంగానే చెబుతారు. తెలుగు ఉపాధ్యాయులు మాత్రం దానిని మరువరాదు. అది పద్యపఠనం. కదిరి నుండి ఆమడగూరు వరకు, ఇటు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వరకు, మా సీమ పల్లెలలో చాలాకాలం సంగీతమంటే భజన, తోలుబొమ్మలాట, పద్యనాటకం. నాటకంలో పద్యం ముగిసిన తరువాత నటుడు రాగం ఎంతసేపు సాగదీస్తే అంత గొప్ప. ఆ ఆలాపనలో అర్థం కొట్టుకొనిపోయినా చప్పట్లు ఆగేవి కావు. ఘంటసాల పద్యానికి వేరొక మర్యాద నేర్పారు. పద విభాగం తెలిసేటట్లు చదివి, భావానికి తగిన రాగాన్ని ఎన్నుకొని, ఆలాపనను మితంగా, అవసరమైనచోట మాత్రమే వాడారు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపం' ఖండికను ఆయన ఈ పద్ధతిలో పాడి గ్రామఫోను పళ్ళెంగా ఇచ్చారు. చదువురాని కాపుకు కూడ కవి హృదయం తెలిసింది. ఉత్పలమాల, చంపకమాల అంటే ఏమిటో తెలియని ఇంట్లో కూడ ఆ నడక నోటికి పట్టుపడింది. నేటికీ తరగతిలో పద్యం చదివే ఉపాధ్యాయునిపై, తెలిసో తెలియకో, ఆ పఠనరీతి ప్రభావం ఉన్నది.

విశేషమేమంటే, సినిమారంగంలో ఎదురుదెబ్బలు తగిలిన ఆ సంవత్సరాలలోనే ఆయన గొంతు ఈ విధంగా గాఢత సంపాదించుకొన్నది. 'పాతాళభైరవి' నాటి కంఠంలో యౌవనం ఎక్కువ. కొన్నేళ్ళ తరువాతి కంఠంలో అనుభవం ఎక్కువ. ఆ అనుభవానికి తగిన పెద్దపని 1957లో ఎదురైంది.

ఆ పని 'మాయాబజార్'. నిర్మాతలు విజయావారే, దర్శకుడు కె. వి. రెడ్డియే, కవి పింగళియే. కాని సంగీతానికి మొదట నియమితుడైనవాడు సాలూరి రాజేశ్వరరావు. ఆయన నాలుగు పాటలకు వరుసలు కట్టి విరమించుకొన్నారు. తక్కిన పని ఘంటసాలకు వచ్చింది. ఒకరు పునాది వేసి గోడలు లేపిన ఇంటిని మరొకరు పూర్తి చేయడం ఎంత ఇబ్బందికరమో మేస్త్రీలకు తెలుసు. అహంకారం గల కళాకారుడైతే ఆ నాలుగు వరుసలనూ పక్కకు నెట్టి తన ముద్రతో కొత్తవి కట్టేవాడు. లేదా ఒకరు వదిలిన పని నాకెందుకని తిరస్కరించేవాడు. ఘంటసాల ఆ రెండూ చేయలేదు. ఆ నాలుగింటికీ వాద్య సమ్మేళనం కూర్చి, ధ్వనిముద్రణ జరిపించి, వాటికి ఏ లోటూ రానీయలేదు. తక్కిన పాటలనూ, పద్యాలనూ, నేపథ్య సంగీతాన్నీ తాను సమకూర్చారు. ఈనాడు చిత్రం చూసేవానికి ఎక్కడ ఒకరి చేయి ఆగి మరొకరి చేయి మొదలైందో తెలియదు. ఆ అతుకు కనబడకపోవడమే ఆయన సాధించిన గొప్ప విజయమని చెప్పవచ్చు.

మరి 'మాయాబజార్' సంగీతం 'పాతాళభైరవి'కి సమానమా? ఈ తూకం వేయడం అంత సులభం కాదు. జనాదరణే కొలత అయితే రెండూ సమానమే. రెండింటినీ తాతలూ మనుమలూ కలిసి వింటూనే ఉన్నారు. కళాపరిణతి కొలత అయితే రెండవది ఒక మెట్టు పైన ఉన్నదని నా అభిప్రాయం. మొదటిదానిలో ప్రతి పాటా విడిగా మెరుస్తుంది. రెండవదానిలో పాట కథలో కరిగి, ద్వారక గాంభీర్యానికీ, ఘటోత్కచుని ఆశ్రమపు సందడికీ, శశిరేఖ లజ్జకూ, మాయా శశిరేఖ ఆగడానికీ వేరువేరు కంఠాలు కల్పిస్తుంది. ఈ రెంటి నడుమ ఆరు సంవత్సరాల కాలమున్నది. ఆ ఆరేండ్లలో ఒక హాస్య చిత్రం, ఒక పరాజయం, స్వంత నిర్మాణంలో నష్టం, ఇతరుల వరుసలకు గానం, పద్యసాధన ఉన్నవి. 'పాతాళభైరవి' మరునాడే 'మాయాబజార్' కూర్చమంటే ఆయనకు సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం. రెండవ విజయానికి కావలసిన సామగ్రి మొదటి విజయంలో దొరకదు. ఆ తరువాత వచ్చే ఓటములలోనూ, ఇతరుల పనిలోనూ దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. దర్శకుడు, కవి, సంస్థ, యంత్ర సామగ్రి, నటులు అందరూ సమకూడినందువలన ఆ విజయం వచ్చినది కాని, సంగీతజ్ఞుని గొప్ప ఏమున్నదని అడుగవచ్చు. ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. సినిమా సంగీతం ఏకాంత సృష్టి కాదు. తాడిపత్రి కె. వి. రెడ్డి వంటి దర్శకుడు పాటకు కథలో సరియైన తావు చూపకపోతే, పింగళి వంటి కవి కొత్త మాటలు అందీయకపోతే ఆ వరుసలు పుట్టేవి కావు. కాని అదే బలగం ఇతరులకూ లభించింది. 'చంద్రహారం' నాడు ఆ బలగంలో చాలభాగం ఘంటసాలకే లభించింది. బలగం అవసరం, అది ఉన్నంత మాత్రాన ఫలితం రాదు. ఇక రాజేశ్వరరావు సంగతి చూస్తే, 'మల్లీశ్వరి' తరువాత ఆయన 1954లో 'విప్రనారాయణ'తో, 1955లో 'మిస్సమ్మ'తో తన ప్రతిభను నిరూపించుకొన్నారు. భక్తి కథకు ఒక తీరు, ఇంటి హాస్యానికి మరొక తీరు. ఆయన దారీ మార్పు దారియే. ఒకే ఏట జన్మించి, ఒకే ఏట శిఖరమెక్కిన ఆ ఇద్దరూ దిగిపోకుండా ఉన్నది, ఆ శిఖరం మీదనే కాలు మోపి నిలబడకపోవడం వలన.

'మాయాబజార్' తరువాత ఘంటసాల జీవితం గాయకునిగా ఉచ్చస్థితిలో సాగింది. 1961లో కె. వి. రెడ్డి 'జగదేకవీరుని కథ'కు సంగీతం కూర్చినవాడు పెండ్యాల నాగేశ్వరరావు. అందులో ఘంటసాల పాడిన కచేరీ తరహా గానం నేటికీ గాయకులకు గీటురాయిగా ఉన్నది. 1962లో 'గుండమ్మకథ'కు తానే సంగీత దర్శకులు. 1963లో వచ్చిన 'లవకుశ'లో పాటలూ పద్యాలూ కలిసి ఒక సంగీత రామాయణమే అయింది. 1958లో మొదలైన ఆ చిత్రం ధనాభావం వలన మధ్యలో ఆగి, అయిదేళ్ళకు కాని వెలుగు చూడలేదు. కుశలవులకు లీల, సుశీల ఇచ్చిన కంఠాలు నాటి బండ్లబాటల వెంట పల్లెపల్లెకూ చేరాయి. పద్యానికి ఆయన నేర్పిన మర్యాద ఈ చిత్రంలో పూర్తి ఫలితం ఇచ్చింది.

అట్లని ఆయన చేసినవన్నీ శిఖరాలే అని చెప్పడం చరిత్రకు అపచారం. 1967లో వచ్చిన 'రహస్యం'కు ఆయన ఎంతో శ్రద్ధతో సంగీతం సమకూర్చారు. అందులోని యక్షగాన ఘట్టం విద్వాంసుల మెప్పు పొందింది. చిత్రం మాత్రం నిలువలేదు. 'చంద్రహారం' నాటి కథ పదమూడేళ్ళ తరువాత పునరావృత్తమైంది. శ్రమకూ ఫలితానికీ నడుమ ఉన్న దూరాన్ని ఎంతటి కళాకారుడైనా పూర్తిగా దాటలేడు. అయినా ఆయన ఓటమి తరువాత కృంగిపోయి పని మానలేదు; గెలుపు తరువాత అతిశయించి పని తగ్గించనూ లేదు. మరునాడు ఉదయం ధ్వనిముద్రణశాలకు వెళ్ళడం ఆయన జీవిత విధానం.

1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ బిరుదంతో సత్కరించింది. తిరుమల తిరుపతి దేవస్థానంవారి ఆస్థాన గాయక పదవి లభించింది. 1971లో ఐరోపాలోనూ, అమెరికాలోనూ పర్యటించి కచేరీలు చేశారు. అప్పటికే మధుమేహం శరీరాన్ని కృశింపజేస్తున్నది, గుండెజబ్బు తోడైంది. ఇంతటి కీర్తి గడించినవాడు శేషజీవితం విశ్రాంతిగా గడిపినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆయన మనస్సు మరొక పని మీద నిలిచింది. అది భగవద్గీత.

ఏడువందల శ్లోకాల గీత నుండి నూటికి పైగా శ్లోకాలను ఎన్నుకొని, రాగబద్ధంగా పాడి, వాటి తాత్పర్యాన్ని తెలుగులో తానే చెప్పి ఆయన ముద్రింపజేశారు. ఇది ఇంతకుముందు చేసిన ఏ పనికీ పోలిక లేనిది. ఇందులో నాయకుడు లేడు, నాయిక లేదు, వెండితెర లేదు, చిత్రం పడిపోతుందన్న భయం లేదు. శ్లోకం, దాని అర్థం, దానికి తగిన స్వరం మాత్రమే ఉన్నవి. చిన్ననాట తండ్రి భుజం మీద విన్న భజన, విజయనగరంలో గురువు నేర్పిన అక్షర స్పష్టత, పద్యపఠనంలో సాధించిన మితత్వం ఈ మూడూ అక్కడ కలుసుకొన్నవి. సినిమా చరిత్రలో ఆయన శిఖరం ఏది అన్న విషయంలో వాదోపవాదాలు ఉండవచ్చు. గ్రామఫోను చరిత్రలో మాత్రం ఆయన ఆఖరి పనులలో ఒకటైన ఈ గీతాగానం ఇంటింటా నిలిచింది. ఇటీవల మన ఊళ్ళలో దీనిని మరణించిన ఇంటి ముందు మాత్రమే వినిపించే ఆచారం ఒకటి బయలుదేరింది. అది విచారకరం. జీవించడం ఎట్లాగో చెప్పే గ్రంథం అది. దానిని శవయాత్రకు అంకితం చేయడం గ్రంథానికీ, గాయకునికీ న్యాయం కాదు. తెల్లవారుజామున విద్యార్థి పాఠం ముందేసుకొని కూర్చున్నప్పుడు వినదగినది అది.

1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల మద్రాసులో పరమపదించారు. అప్పటికి ఆయనకు ఏబది రెండేళ్ళయినా నిండలేదు. 2003లో, వర్ధంతి నాడే, తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళ విడుదల చేసింది. ఆయన పాడిన పాటలు వేలున్నవి; ఆయనను అనుకరించి గొంతు సవరించుకొన్న గాయకులు వందలున్నారు.

తొలి విజయానికి దీటైన రెండవ విజయం సాధ్యమా అన్న ప్రశ్నకు ఈ జీవితం ఇచ్చే సమాధానం ఇంతకుమించి వేరే లేదు. సాధ్యమే, కాని అది పిలిచినప్పుడు రాదు, మొదటిదాని వేషం వేసుకొని రాదు. ఎంతమంది తోడ్పడినా ఒక్కొక్కసారి రాదు. వచ్చేదాకా కళాకారుడు చేయదగిన పని ఉన్నది. కొత్త పనికి తలవంచడం, ఇతరుల వరుసనైనా తనదిగా పాడడం, ఓడిన పాటనుండి కూడ ఒక స్వరం నేర్చుకోవడం. బహుమతి పొందిన బాలునికి ఉపాధ్యాయుడు చేయగల మేలు కూడ ఇదే. పాడిన పాటనే మళ్ళీ వేదికపై పాడించక, ఇంకా రాని పాట ఒకటి వాని చేతికి ఇవ్వాలి. ఆ పాటతో వాడు మొదటిసారి తడబడవచ్చు. పొరుగూరి సభలో తడబడిన చౌటపల్లి కుర్రవాడు ఆ తరువాతనే విజయనగరం దారి పట్టాడు.